గదుల్లో వదిలేసిన పుస్తకాలు

జూన్ 3

పిన్నీ,

నిన్న ఫోనులో నువ్వు "చదవడానికేమైనా ఉంటే పంపవే" అనగానే పక్క నుంచి అమ్మ నవ్వు వినబడింది. "దీనికిప్పుడు చదువు మీదికి మనసు పోయింది" అంది. నాకు నవ్వు రాలేదు. పేపర్లో తుఫాను కబుర్లూ సంతాప ప్రకటనలూ తప్ప మరో ముక్క చదవని మా పిన్నికి ఉన్నట్టుండి పుస్తకం ఎందుకు కావలసి వచ్చింది? అడగబోయి ఆగిపోయాను. అమ్మ ఉన్న గదిలో ఫోను మాట్లాడటమంటే బస్టాండులో మైకు పట్టుకోవడమే. అందుకే ఈ ఉత్తరం. అదీ మీ ఇద్దరూ ఉండే ఇంటికి కాకుండా, నువ్వు పని చేసే పళ్ళ డాక్టరమ్మ క్లినిక్కుకి.

నా హోటల్ ఉద్యోగం ఇంకా ఊడలేదు. అమ్మకి చెప్పు. కాలేజీ అయ్యాక ఇది మూడోదని, నా కాళ్ళకి చక్రాలున్నాయని ఆవిడ ఊరంతా చెప్పుకుంటోందట. ఇక్కడ నా పనేమిటంటే, అతిథి గది ఖాళీ చేయగానే ముందు నేను వెళ్ళి చూడాలి. దుప్పటి ఎలా పడేశారో, సబ్బు ఎంత అరిగిందో, ఏం మరిచిపోయారో. మరిచిపోవడంలో జనం చూపించే తెలివి చెప్పలేను. ఒంటి మేజోడు, చేపల గాలం, ఒకసారైతే గ్లాసులో కట్టుడు పళ్ళు. నిన్ను తలుచుకున్నాను. ఎవరూ వచ్చి అడగకపోతే కొన్నాళ్ళకి ఆ వస్తువులు మేం పంచుకోవచ్చు. మిగతావాళ్ళు గొడుగులూ చార్జర్లూ పట్టుకుపోతారు. పుస్తకాలు నా వాటా. పోటీ లేదు.

అందులోంచి నీకు మూడు పంపుతున్నాను.

మొదటిది అపరాధ పరిశోధన. మంచు కురిసి దారులు మూసుకుపోయిన ఇల్లు, లోపల ఏడుగురు, ఒక శవం. మొదట్లో చాలాసేపు అందరూ కూర్చుని టీ తాగుతుంటారు. విసుక్కోకు. హంతకుణ్ణి పట్టుకోవాలంటే ఆ టీలోనే పట్టుకోవాలి. రెండోది యాత్రా పుస్తకం. ఒకాయన సైకిలు మీద ఒక నది వెంట, సముద్రం దగ్గర్నుంచి అది పుట్టినచోటు దాకా వెళ్తాడు. నది గురించి తక్కువ, తన మోకాళ్ళ గురించి ఎక్కువ రాశాడు. అందుకే నాకిష్టం. గొప్పవాళ్ళు రాసిన యాత్రల్లో ఎవరికీ మోకాళ్ళు నొప్పెట్టవు. మూడోది దయ్యాల కథలు. ఇది మాత్రం పట్టపగలు, పక్కన మనుషులున్నప్పుడు చదువు. మూడో కథ చదివిన రోజు నేను బాత్రూం తలుపు తెరిచే స్నానం చేశాను.

అన్నీ నేను చదివినవే. నాకు నచ్చినచోట పెన్సిల్తో గుర్తు పెట్టాను. అక్కడ కాస్త ఆగి చూడు. మనం పక్కపక్కన కూర్చుని చదువుకున్నట్టు ఉంటుంది.

నీకసలు పుస్తకం ఎందుకు కావలసి వచ్చిందో రాయకపోతే మాత్రం ఊరుకోను.

నీ మిడత


జూన్ 15

మిడతా,

పార్సిలు వచ్చింది. డాక్టరమ్మ అచ్చులు పోసే ప్లాస్టర్ అనుకుని కత్తెరతో కోసేసింది. దయ్యాల పుస్తకం అట్ట మీద చిన్న గాటు పడింది. ఏమీ అనుకోకు.

నేను చదివేది క్లినిక్ వెనక గదిలో. నీకు తెలుసుగా, ముందు గదిలో ఆవిడ పళ్ళు పీకుతుంది, వెనక గదిలో నేను పళ్ళు కడతాను. ప్లాస్టర్ పోశాక అది గట్టిపడేదాకా చేతులు ఖాళీ. ఇన్నేళ్ళూ ఆ కాస్త టైములో కిటికీలోంచి ఎదురు మేడ మీద ఆరేసిన బట్టలు చూసేదాన్ని. ఇప్పుడు నీ శవం దగ్గర కూర్చుంటున్నాను. పేజీల మీద తెల్లటి వేలిముద్రలు కనిపిస్తే హంతకుడివి కావు, నావే.

ఆ రాసినాయనకి ఒక సంగతి తెలీదు. శవం నోట్లో పళ్ళ సెట్టు చూసి మనిషిని గుర్తుపట్టేస్తాడే ఆ డిటెక్టివు, అక్కడ పై సెట్టు అరుగుదల గురించి రాసిందంతా తప్పు. కుడివైపు నమిలే మనిషికి అలా అరగదు. ఆ తప్పు పట్టుకున్నాక నాకు ఎంత హుషారొచ్చిందో. చివరిదాకా వదల్లేదు.

ఇక నువ్వు పెట్టిన గుర్తు. అది చదివి పుస్తకం మూసేశాను. ఇది నీకెలా తెలిసిందే? నేనెవరికీ చెప్పలేదే.

పుస్తకం ఎందుకంటావా. మా క్లినిక్కి క్లారినెట్ వాయించే ఆయన ఒకరు వస్తున్నారు. పెళ్ళిళ్ళలో, సభల్లో వాయించే బృందం ఆయనది. ముందు పళ్ళు పోయాయి. క్లారినెట్ ఊదేవాళ్ళకి పళ్ళు కట్టడం మామూలు పని కాదు. ఆ గొట్టం మొన పై పళ్ళకి ఆనుతుంది. ముందు నొక్కితే వెనక సెట్టు లేస్తుంది. అందుకని ఆయన వాయిద్యం తెచ్చుకుని, నా ముందు కూర్చుని ఊది చూపిస్తారు. నేను సానబడతాను. మళ్ళీ ఊదుతారు. బయట పంటినొప్పితో కూర్చున్నవాళ్ళు తలుపు దగ్గరికి జరిగి వింటారు. ఆయన ఎప్పుడూ సంచిలో ఏదో పుస్తకం పెట్టుకొస్తారు. ఒకరోజు "మీరేం చదువుతారు?" అని అడిగారు. "ఏమీ చదవను" అన్నాను. ఆ మాట అన్నాక ఎందుకో రోజంతా మనసు బాగోలేదు. అదీ సంగతి.

పెద్ద వయసులో ఏదైనా కొత్తగా మొదలుపెట్టిన వాళ్ళ గురించి పుస్తకాలుంటాయా? ఊరికే అడుగుతున్నాను.

వేళకి తిను. హోటల్లో ఉండి కూడా ఆకలితో పడుకునే రకం నువ్వు.

పిన్ని


జూన్ 24

పిన్నీ,

పళ్ళ అరుగుదల దగ్గర తప్పు పట్టావా. ఆ పుస్తకాన్ని ఎంతమంది చదివి ఉంటారు, ఒక్కరైనా పట్టుకుని ఉంటారా. నేను రిసెప్షన్ అబ్బాయికి, తోట మాలికి, లాండ్రీ ఆవిడకి కూడా చెప్పాను. లాండ్రీ ఆవిడ వెంటనే అద్దంలో తన పళ్ళు చూసుకుంది.

క్లారినెట్ సంగతి నన్ను పట్టుకుని వదలడం లేదు. కింది పెదవి పళ్ళ మీదికి మడుస్తారని ఎక్కడో చదివాను, నిజమేనా? నొప్పి పుట్టదా? సెట్టు లేచినప్పుడు శబ్దం ఎలా మారుతుంది? ఆయన్నడిగి రాయి. ఎన్నిసార్లు వచ్చినా కుదరకపోవడమేమిటి, నీ చేతి పని ఒక్క వాయిదాకి కుదురుతుందని డాక్టరమ్మ గొప్పగా చెప్పేది కదా.

నువ్వడిగినలాంటి పుస్తకం ఒకటుంది, నా ప్రాణం. ఒకావిడ స్వీయచరిత్ర. యాభై దాటాక ఈత నేర్చుకుంది. సగం పుస్తకం ఒడ్డునే ఉంటుంది, నీళ్ళలోకి దిగదు. దిగనందుకు చెప్పే సాకులు ఒక్కొక్కటీ ముత్యం. దాంతోపాటు ఇంకో రెండు. ఒకటి భవిష్యత్తులో జరిగే కథ. అంతరిక్ష నౌకలో మొక్కలు పెంచే మాలి ఉంటాడు. నౌక ఎక్కడికి పోతోందో అతనికి పట్టదు, టమాటాలు కాశాయా లేదా అన్నదే గొడవ. రాకెట్లంటే మొహం తిప్పుకునేవాళ్ళు కూడా దీన్ని చదవచ్చు. రెండోది రాత్రి దీపం దగ్గరికొచ్చే పురుగుల మీద పుస్తకం. రాసినాయన వాటి రెక్కల గురించి, పక్కింటివాళ్ళ పట్టుచీర గురించి మాట్లాడినంత ఇదిగా మాట్లాడతాడు. ఇది వరసగా చదవకు. ఎక్కడో తెరిచి ఒక పురుగు చదివి మూసెయ్.

గుర్తులు వీటిలోనూ పెట్టాను. పోయినసారి ఏ గుర్తు చూసి అంతలా ఉలిక్కిపడ్డావో రాయనేలేదు. టీ కెటిల్ దగ్గరదేనా?

అమ్మ నాకొక ఫొటో పంపింది. కారు పక్కన నిలబడ్డ మనిషి. ఫొటోలో కారే బాగుంది. జవాబివ్వలేదు.

మిడత


జూలై 6

మిడతా,

కెటిల్ కాదు. నీకు తెలియనట్టు అడుగుతావేం.

నీ ప్రశ్నలన్నీ ఆయన్నడిగాను. కింది పెదవి మడుస్తారట, మొదటి ఏడాది పుండ్లు పడతాయట, తర్వాత అక్కడ కాయ కాస్తుందట. "చూస్తారా" అని పెదవి తిప్పి చూపించారు. చూశాను. ఉద్యోగరీత్యా ఎన్నో నోళ్ళు చూశాను గానీ, ఈసారి ఎక్కడ చూడాలో తెలియక ఆయన చొక్కా బొత్తాం వైపు చూశాను. సెట్టు లేస్తే శబ్దం తడిసిన గుడ్డలోంచి వచ్చినట్టు వస్తుందట.

సైకిలు పుస్తకం ఆయనకి ఇచ్చాను. నువ్వేమీ అనుకోవుగా. ముందు గదిలో బెంచీ మీద కూర్చుని చదివి, మధ్యలో పగలబడి నవ్వారు. బుగ్గ వాచినాయన ఒకరు పక్కన కూర్చుని కోపంగా చూశారు. ఆయనకీ నీలాగే మోకాళ్ళ భాగం నచ్చింది. ఈతావిడ పుస్తకం మాత్రం నేనే దాచుకున్నాను. దానిలో నువ్వు గుర్తు పెట్టిన మాట చదివి చాలాసేపు పని చేయలేకపోయాను. పళ్ళు అమర్చడానికి కరిగించిన మైనం చల్లారిపోయింది.

ఇప్పుడొక మాట అడుగుతాను. మీ అమ్మతో అనకు. ఒకామె ఉందనుకో. సొంత ఉద్యోగం ఉంది, ఒకరి మీద ఆధారపడే అవసరం లేదు. ఇన్నాళ్ళూ పెళ్ళి ఊసెత్తలేదు. ఇప్పుడొక సంబంధం ఎదురొచ్చింది. మనిషి మంచివాడు. సంగీతం తెలిసినవాడు. వేరే ఊళ్ళో బడిలో మాస్టారుగా పని దొరికింది, ఈ నెలాఖరుకి వెళ్ళిపోతున్నాడు. వెళ్ళేలోపు చెప్పమన్నాడు. సరే అంటే ఆమె ఈ ఉద్యోగం వదిలి వెళ్ళాలి. ఇలాంటి విషయం మీద మంచి పుస్తకం ఏదైనా ఉంటే చెప్పు. పుస్తకం లేకపోతే నువ్వేమనుకుంటావో అదే రాయి. నువ్వు చదువుకున్నదానివి. నీ మాట మీద నాకు గురి.

పిన్ని


జూలై 14

పిన్నీ,

"ఒకామె ఉందనుకో." ఆ ఒకామె ఎవరో నాకు తెలీదనుకున్నావా? ఆ పేరా సగానికి వచ్చేసరికే తెలిసిపోయింది. ఇంత చుట్టు తిప్పి అడుగుతావనుకోలేదు. అమ్మయితే సూటిగా ఫొటో పంపుతుంది.

నా జవాబు రాస్తున్నాను, ఒక్కసారే, మళ్ళీ ఎత్తొద్దు. వద్దు. హాయిగా తన పని తను చేసుకుంటూ, తన సంపాదన తను తింటూ బతుకుతున్న మనిషికి ఇప్పుడీ గోల దేనికి? ఎవరో ఊరు మారుతుంటే ఆయన వెనక పెట్టె సర్దుకుని పోవాలా? ఆయన ఉద్యోగం ఉద్యోగం, ఆమెది కాదా? మంచివాడైతే అయ్యాడు, లోకంలో మంచివాళ్ళందర్నీ పెళ్ళి చేసుకుంటామా? నలుగురూ ఏమంటారని కాదు గానీ, చూడటానికే నవ్వొచ్చేలా ఉంది. సంగీతమంటావా, రేడియోలో వినచ్చు.

ఇలాంటి విషయం మీద పుస్తకం అడిగావు. చాలా ఉన్నాయి, అన్నీ చివరి పేజీలో ముగ్గురు పిల్లలతో ముగుస్తాయి. నా దగ్గర లేవు. బదులుగా ఒక నాటకం, ఒక సన్నటి కవితల పుస్తకం పంపుతున్నాను. నాటకాన్ని నీలో నువ్వు చదువుకోకు, పైకి చదువు. దొంగా, జడ్జీ లిఫ్టులో ఇరుక్కుపోతారు, అంతే కథ. జడ్జీ మాటలు డాక్టరమ్మ గొంతుతో చదివితే ఇంకా బాగుంటుంది. కవితల్లో నాకు సగం అర్థం కాలేదు. అర్థం కానివే మళ్ళీ చదివాను. ఎందుకో నువ్వే చెప్పాలి.

కోపంగా రాశానా? కొంచెం. ఇవాళ పైఅంతస్తులో నీళ్ళ పైపు పగిలి, పెళ్ళివారి గదిలో పరుపులు తేలాయి. అదీ ఒక కారణం.

మిడత


జూలై 25

చిరంజీవికి,

నీ ఉత్తరం అందింది. నువ్వు చెప్పినట్టే చేశాను. వద్దని చెప్పేశాను.

నీ మీద కోపం లేదు. అడిగింది నేను, నీకు తోచింది నువ్వు చెప్పావు. నిజానికి నువ్వు ముందు నుంచీ చెబుతూనే ఉన్నావు, నాకే ఆలస్యంగా తలకెక్కింది. నిన్న పుస్తకాలన్నీ ముందేసుకుని నువ్వు గీతలు గీసిన మాటలన్నీ మళ్ళీ చూశాను. హత్య పుస్తకంలో "పని లేకుండా పదే పదే వచ్చే మనిషినే ముందు అనుమానించాలి" అని. నది పుస్తకంలో "పైకి పోయేకొద్దీ నది సన్నబడుతుంది, చివరికి చూడటానికి ఏమీ మిగలదు" అని. దయ్యాల పుస్తకంలో రెండు గీతలు గీశావు, "తలుపు ఎవరు తట్టినా తీయకు" అన్నదాని కింద. ఈతావిడ పుస్తకంలో "ఈ వయసులో మునిగితే జాలిపడరు, నవ్వుతారు" అని. చూడటానికే నవ్వొచ్చేలా ఉందని ఉత్తరంలోనూ రాశావు. ఇంకెన్నిసార్లు చెప్పించుకోవాలి.

ఆయన సెట్టు చివరిసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు చెప్పాను. "ఆలోచించే చెబుతున్నారా?" అన్నారు. "ఆలోచించాను" అన్నాను. "సరే, మీ ఇష్టం" అని, సంచిలోంచి సైకిలు పుస్తకం తీసి బల్ల మీద పెట్టారు. పేపరుతో అట్ట వేసి ఇచ్చారు. ఆ రోజు ఊదలేదు. నేనూ ఊదమనలేదు.

ఇక పుస్తకాలు పంపకు. మళ్ళీ పని ఎక్కువైంది.

మీ అమ్మ బాగానే ఉంది. నీ ఆరోగ్యం జాగ్రత్త.

పిన్ని


జూలై 29

పిన్నీ,

నీ ఉత్తరం లాండ్రీ గదిలో చదివాను. చదివి, ఉతికిన దుప్పట్ల మూట మీద కూలబడ్డాను. లాండ్రీ ఆవిడ మంచినీళ్ళిచ్చింది.

వెంటనే ఇంటికి ఫోను చేశాను. అమ్మ ఎత్తింది. "పిన్నికి ఇవ్వు" అన్నాను. "ఏమిటే విశేషం, స్పీకర్లో పెడతా ఉండు" అంది. "ఏం లేదు, పంటినొప్పి" అని పెట్టేశాను. క్లినిక్కుకి చేస్తే డాక్టరమ్మ ఎత్తి, నాకే అపాయింట్‌మెంట్ ఇచ్చేసింది. కాబట్టి ఇది త్వరగా చేరే పోస్టులో పంపుతున్నాను. నిదానంగా చదువు. రెండు సంగతులు.

ఒకటి. నువ్వు "ఒకామె" అంటే నేననుకున్నాను. నన్నే అనుకున్నాను పిన్నీ! నాకూ ఉద్యోగం ఉంది, నేనూ పెళ్ళి ఊసెత్తలేదు, అమ్మ ఫొటో వచ్చి నెల కాలేదు. నువ్వూ అమ్మా కలిసి ఎవరో సంగీతం మాస్టార్ని నా నెత్తిన రుద్దుతున్నారనుకున్నాను. నేను "వద్దు" అన్నది నాకు. ఆ క్లారినెట్ ఆయన గురించి నువ్వు పేజీలకి పేజీలు రాస్తుంటే, నేను పెదవి ఎలా మడుస్తారని అడుగుతూ కూర్చున్నాను. చొక్కా బొత్తాం చదివి కూడా అర్థం కాలేదు. ఏడు గదులవతల పడి ఉన్న హెయిర్‌పిన్ను చూసి ఎవరిదో చెప్పగలనని విర్రవీగేదాన్ని.

రెండోది. ఆ గీతలు నావి కావు.

నేను పుస్తకంలో గీతలు గీయను. అంచున చిన్న టిక్కు పెడతాను, గోటి కొనంత. నువ్వు చూసిన గీతలు ఆ పుస్తకాలు వదిలేసి వెళ్ళినవాళ్ళవి. నాకు వాళ్ళ మొహాలు గుర్తులేవు, గదులు గుర్తున్నాయి. హత్య పుస్తకం దొరికిన గదిలో షాపుల్లో దొంగల్ని ఎలా పట్టాలో నేర్పే క్లాసు కాగితాలున్నాయి. పదే పదే వచ్చేవాణ్ణి అనుమానించాలని ఆయన గీసుకోక ఏం చేస్తాడు? నది పుస్తకం నీళ్ళ ఇంజనీర్ల సభ జరిగినప్పుడు దొరికింది. అద్దం మీద సబ్బుతో ఏవో లెక్కలు వేసి ఉన్నాయి. దయ్యాల పుస్తకం వదిలినాయన తాళాల కంపెనీ మనిషి. బల్ల నిండా నమూనా గొళ్ళాలు. "తలుపు ఎవరు తట్టినా తీయకు" అన్నది ఆయన తన ప్రకటనకి పనికొస్తుందని గీసుకుని ఉంటాడు. నువ్వు ఒక తాళాల అమ్మకందారు మాట విని క్లారినెట్ ఆయన్ని పంపించేశావు పిన్నీ.

ఈతావిడ పుస్తకం ఎవరిదో తెలీదు. ఆ గదిలో తడి తువ్వాళ్ళు తప్ప ఏమీ లేవు.

ఇప్పుడు నువ్వు నన్నడుగుతావు, "మరి నువ్వేమంటావు" అని. నేనేమీ అనను. ఒకసారి అని చూశాం. నాకు తెలుసుకోవాలని మాత్రం ఉంది, చాలా ఉంది. ఆయన ఊదుతున్నప్పుడు నువ్వు సానబట్టడం మానేసి వింటావా? ఆయన రాని రోజు ఆ వెనక గది ఎలా ఉంటుంది? నాకు జవాబు రాయకపోయినా ఫరవాలేదు. ఆయన ఎప్పుడు వెళ్తున్నారు? నెలాఖరంటే ఎల్లుండే కదా.

నీ బుద్ధిలేని మిడత


ఆగస్టు 11

మిడతా,

నీ ఉత్తరం చేరేటప్పటికి ఆయన వెళ్ళిపోయారు. రెండు రోజులైంది.

ముందు నీ మీద కోపం వచ్చింది. తర్వాత నా మీద. ఆ తర్వాత తాళాలాయన గుర్తొచ్చి నవ్వు ఆగలేదు. నోట్లో పత్తి పెట్టుకుని కూర్చున్న ఒకావిడ తలుపు తోసి చూసి, నన్నూ, నా చేతిలో ఉన్న ప్లాస్టర్ దవడనూ చూసి వెళ్ళిపోయింది.

పళ్ళ సందులు చూసే భూతద్దం పెట్టి నీ టిక్కులు వెతికాను. దొరికాయి. కెటిల్ మూత ఎగిరెగిరి పడటం దగ్గర ఒకటి. సైకిలాయన వానలో చెప్పుల జత భుజాన వేసుకున్నచోట ఒకటి. ఈతావిడ తువ్వాలు మీద కుక్క పడుకుంటే దాన్ని లేపలేక చలిలో నిలబడినచోట ఒకటి. ఒక్కటీ ఎవరికీ ఏ సలహా చెప్పదు. అవి చూస్తుంటే నీ పక్కన కూర్చున్నట్టే ఉంది. ముందే చూసి ఉంటే ఎంత బాగుండేది.

కానీ వెతుకుతుంటే ఇంకోటి కనిపించింది. ఈతావిడ పుస్తకంలోనే మరో గీత ఉంది, అదే పెన్సిలు. "ఒడ్డున నిలబడి చలి చలి అన్నవాళ్ళమే అందరికంటే ఎక్కువసేపు వణికాం" అని. అది నేను ముందూ చూశాను. చూసి పేజీ తిప్పేశాను. అక్కడ నా ప్లాస్టర్ వేలిముద్ర కూడా ఉంది. వద్దన్న గీతల్ని ఏరుకున్నాను, రమ్మన్నదాన్ని దాటేశాను. కాబట్టి తప్పంతా నీదీ కాదు, తాళాలాయనదీ కాదు. నాకు భయం వేసింది. భయమని ఒప్పుకోవడం ఇష్టం లేక చదువుకున్నదానివని నీ మీద పెట్టాను.

శనివారం మీ అమ్మతో చెప్పాను. ఆవిడ చీరలు మడతపెడుతోంది.

"అక్కా, నేను రేపు ఊరెళ్తున్నాను."

"ఎందుకు?"

"ఒకాయన్ని చూడాలి."

చీర అంచులు కలుపుతూనే అడిగింది, "ఆ క్లారినెట్ ఆయన్నేనా?"

"నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలే. రెండు నెలలుగా అన్నం తింటూ మధ్యలో ఆగి గోడవైపు చూస్తుంటే నాకు కళ్ళు లేవా? అడిగితే మూసుకుంటావని ఊరుకున్నాను. ఫొటో పంపితే అది ఉలకదు, ఎదురుగా ఉంటే నువ్వు పలకవు. మీ ఇద్దరితో నాకు చచ్చే చావుగా ఉంది." అని, ఆ చీర నా పెట్టెలో పెట్టి, "ఇది కట్టుకో, ఆ బూడిదరంగుది కట్టుకుంటే నిన్నే ప్లాస్టర్‌తో అచ్చు పోసినట్టు ఉంటావు" అంది.

డాక్టరమ్మ మూడు వారాలు సెలవిచ్చింది. "అక్కడ పళ్ళ డాక్టర్లు లేరా ఏం, వెనక గదులు అంతటా ఉంటాయి" అంది. ఏడుస్తున్నట్టు ఉంది గానీ, మొహానికి మాస్కు ఉండటంతో తెలియలేదు.

ఆదివారం బస్సెక్కాను. ఎప్పుడూ కిటికీ పక్కన కూర్చోని దాన్ని కూర్చున్నాను. బస్సు దిగి, సంగీతం బడి ఎక్కడని అడుక్కుంటూ వెళ్ళాను. ఆదివారం బడి ఉండదనైనా తట్టలేదు చూడు. గేటుకి తాళం. పక్కన సైకిళ్ళు బాగుచేసేవాళ్ళు "కొత్త మాస్టారా? వెనక సందులో మేడ మీద గది. వాయిస్తుంటారు, విని వెళ్ళండి" అన్నారు. విని వెళ్ళాను. ఒకే చిన్న ముక్క, మళ్ళీ మళ్ళీ. శబ్దం శుభ్రంగా ఉంది, ఎక్కడా తడిగుడ్డ లేదు. మెట్ల కింద నిలబడి ఆ ముక్క అయ్యేదాకా ఉన్నాను. నువ్వడిగావు కదా, ఆయన ఊదుతుంటే సానబట్టడం మానేస్తావా అని. అక్కడ సానబట్టడానికి ఏమీ లేదు. ఊరికే విన్నాను.

తలుపు నేనే తట్టాను.

ఆయన చేతిలో వాయిద్యంతోనే తీశారు. నన్ను చూసి, వెనక్కి తిరిగి గదంతా ఒకసారి చూసుకున్నారు, పరుపు మీద బట్టలు, విప్పని అట్టపెట్టెలు. తర్వాత నావైపు తిరిగారు.

"సెట్టు ఎలా ఉందో చూద్దామని వచ్చాను" అన్నాను. బస్సులో అనుకున్న మాటలన్నీ పోయి అదొక్కటే మిగిలింది.

"సెట్టు రెండోసారికే కుదిరింది. ఆ తర్వాతవన్నీ నేను అబద్ధాలాడాను" అన్నారు.

"తెలుసు. సానబట్టింది నేను కదా. ఆ తర్వాత ఉత్త మిషను తిప్పాను, సానరాయి ఆనించలేదు."

ఆయన నవ్వలేదు. కుర్చీ మీద పుస్తకాలు తీసి కింద పెట్టి, కుర్చీ తుడిచి, నాకు చూపించారు. తను నిలబడే ఉన్నారు.

"ఆ రోజు ఆలోచించే చెబుతున్నానన్నారు" అన్నారు.

"ఆ రోజు వేరేవాళ్ళ ఆలోచన చెప్పాను."

"మరి ఇవాళ? వెళ్ళమని ఎవరు చెప్పారు?"

నాకు నువ్వు గుర్తొచ్చావు, మీ అమ్మ, డాక్టరమ్మ. అందరూ ఏదో ఒకటి అన్నవాళ్ళే. కానీ శనివారం పొద్దున పని మధ్యలో చేతులు కడుక్కుని, తుడుచుకుని, బస్సు ఎన్నింటికో కనుక్కున్నప్పుడు గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను.

"ఎవరూ చెప్పలేదు" అన్నాను.

అని, కుర్చీలో కూర్చున్నాను.

పిన్ని